కంప్యూటర్ కుర్చీకి ఎవరి దారి ఎంత దూరం?

ప్రభుత్వంలో కంప్యూటర్ల గురించి మన మధ్య జరిగే చర్చ ఎక్కువగా రెండు కొసల దగ్గరే ఆగిపోతున్నది. ఒక కొసన, మన పిల్లలకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు దొరుకుతున్నాయా లేదా అన్న ప్రశ్న. ఇంకో కొసన, రేషన్ షాపులో మిషను మన అమ్మ వేలిముద్ర తీసుకున్నదా లేదా అన్న ప్రశ్న. రెండూ బతుకు ప్రశ్నలే, కాదనలేం. కానీ ఈ రెండింటి నడుమ ఇంకో ప్రశ్న ఉంది. ఆ మిషను పెట్టాలని నిర్ణయించిన మనిషి ఎవరు? ఆ నిర్ణయం చేసే కుర్చీ దాకా ఆ మనిషి ఏ దారిన వచ్చాడు? ఆ దారిలో మనవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారు?

ఈ వ్యాసం ఆ దారి గురించి. ప్రభుత్వంలో ఐ.టి. నాయకత్వం అంటే నా లెక్కలో నాలుగు రకాల కుర్చీలు. రాష్ట్రంలో ఐ.టి. శాఖ కార్యదర్శి. ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్, ఐ.టి. శాఖ కార్యదర్శి. ప్రభుత్వ ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ అధిపతి. ఆధార్, డిజిటల్ ఆరోగ్యం లాంటి పెద్ద పథకాలను నడిపే సంస్థల అధ్యక్షులు, ముఖ్య నిర్వహణాధికారులు. కోట్లాది మంది వివరాలు ఏ రూపంలో నమోదు కావాలో తేల్చేది చాలావరకు ఈ కొద్దిమందే.

ముందే ఒక మాట. వ్యక్తుల కులం తవ్వి తీయడం ఈ వ్యాసం పని కాదు. ఇక్కడ పేర్లు వచ్చేవాళ్లలో కష్టపడి పనిచేసినవాళ్లు, పని తెలిసినవాళ్లు ఉన్నారు. దారి ఎవరి కాళ్లకు అనువుగా వేసి ఉందో చూడటమే మన పని.

మొదటి దారి: ఐ.ఎ.ఎస్.

ఈ నాలుగు కుర్చీల్లో రెండు దాదాపుగా ఐ.ఎ.ఎస్. అధికారులవే. ఇందులో ఆంధ్రప్రదేశ్ కేడర్ చరిత్ర ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. దేశంలో ఈ-పాలన ఇక్కణ్ణుంచే ఢిల్లీకి నడిచిందన్నా పెద్ద తప్పు కాదు.

1995 నుంచి 2004 దాకా చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న కాలాన్ని గుర్తు చేసుకోండి. 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే నెలలో రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' అనే పథకం కింద 214 సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. 2001లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. కార్డ్ పథకాన్ని నడిపిన అధికారి 1977 బ్యాచ్‌కు చెందిన జె. సత్యనారాయణ. తర్వాత ఆయన రాష్ట్ర ఐ.టి. శాఖ కార్యదర్శి అయ్యారు. 2012లో కేంద్రంలో ఎలక్ట్రానిక్స్, ఐ.టి. శాఖ కార్యదర్శి అయ్యారు. రిటైరయ్యాక రాష్ట్ర ప్రభుత్వానికి సలహాదారు. 2016లో ఆధార్ సంస్థకు పాక్షిక కాల (పార్ట్‌టైం) అధ్యక్షులు. 2019లో డిజిటల్ ఆరోగ్య ప్రణాళిక తయారు చేసిన కమిటీకి కూడా ఆయనే అధ్యక్షులు.

1975 బ్యాచ్‌కు చెందిన ఆర్. చంద్రశేఖర్ 1990ల చివర ఆంధ్రప్రదేశ్ ఐ.టి. శాఖ కార్యదర్శిగా పనిచేశారు. అక్కణ్ణుంచి ఢిల్లీ వెళ్లి, 2006లో ఆమోదం పొందిన జాతీయ ఈ-పాలన ప్రణాళిక రూపకర్తల్లో ఒకరయ్యారు. 2010లో టెలికం కార్యదర్శి. రిటైరయ్యాక 2014లో సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్‌కు అధ్యక్షులు. ఇదే కేడర్‌కు చెందిన 1984 బ్యాచ్ అధికారి అజయ్ సాహ్నీ 2017లో కేంద్ర ఐ.టి. కార్యదర్శి అయ్యారు.

బయటి కేడర్లలోనూ దారి ఇట్లాగే ఉంటుంది. కేరళ కేడర్ 1982 బ్యాచ్ అరుణా సుందరరాజన్ అక్కడ ఐ.టి. కార్యదర్శిగా పనిచేసి 2016లో కేంద్ర ఐ.టి. కార్యదర్శి అయ్యారు. 1978 బ్యాచ్ ఆర్.ఎస్. శర్మ సర్వీసులో ఉండగానే అమెరికా వెళ్లి కంప్యూటర్ సైన్సు చదివి వచ్చారు. 2009లో ఆధార్ సంస్థకు తొలి డైరెక్టర్ జనరల్, 2014లో ఐ.టి. కార్యదర్శి, 2015లో టెలికం నియంత్రణ సంస్థ అధ్యక్షులు, 2021లో జాతీయ ఆరోగ్య సంస్థ ముఖ్య నిర్వహణాధికారి.

ఈ జీవితాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పోస్టింగు ఇంకో పోస్టింగును కంటున్నది. రాష్ట్రంలో ఒకసారి ఐ.టి. శాఖ చూసినవాడికి ఢిల్లీలో 'అనుభవం ఉన్నవాడు' అని పేరు. ఢిల్లీలో చూసినవాడికి రిటైర్మెంట్ తర్వాత కమిటీలు, అధ్యక్ష పదవులు. గుర్తింపు కార్డు, టెలిఫోను, ఆరోగ్యం, ఏ రంగానికి కంప్యూటర్ వచ్చినా ఆ అనుభవం ఉన్న కొద్దిమంది పేర్లే మళ్లీ ముందుకు వస్తాయి. కాబట్టి మొదటి పోస్టింగు ఎవరికిచ్చారన్నదే అసలు సంగతి. అది ముఖ్యమంత్రి ఇష్టం. పోస్టింగులకు రోస్టర్ లేదు.

దళిత అధికారులు తమలో తాము చెప్పుకునే మాట ఒకటుంది. మమ్మల్ని తిప్పి తిప్పి సాంఘిక సంక్షేమానికే వేస్తారు అని. సంక్షేమ శాఖ తక్కువది కాదు. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి చేతిలో అది ఎంత పెద్ద శాఖ అయిందో మనకు తెలుసు. కానీ ఢిల్లీలో ఐ.టి. కార్యదర్శి కోసం వెతికేటప్పుడు, హాస్టళ్లు నడిపిన అనుభవాన్ని అనుభవం కింద ఎవరూ లెక్కవేయరు. లక్షల మంది పిల్లల స్కాలర్‌షిప్ బిల్లులు నడపడం కూడా సమాచార వ్యవస్థ నడపడమే గదా? ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

ముప్ఫై మూడేళ్ల లెక్క

పైన చెప్పిన అయిదుగురూ సర్వీసులో చేరిన ఎన్నేళ్లకు కేంద్ర కార్యదర్శి కుర్చీలో కూర్చున్నారో లెక్కవేశాను. చంద్రశేఖర్ టెలికం శాఖకు 35 ఏళ్లకు, సత్యనారాయణ 35 ఏళ్లకు, అరుణా సుందరరాజన్ 34 ఏళ్లకు, శర్మ 36 ఏళ్లకు, సాహ్నీ 33 ఏళ్లకు. అందరికన్నా తొందరగా వచ్చినవారికే 33 ఏళ్లు పట్టింది.

ఐ.ఎ.ఎస్. రిటైర్మెంట్ వయసు 60. అరవైలోంచి ముప్ఫైమూడు తీసేయండి. 27 మిగులుతుంది. అంటే 27 ఏళ్లు దాటాక సర్వీసులో చేరినవాడు, ఎంత తెలివైనవాడైనా, ఒక్క మచ్చ లేకుండా పనిచేసినా, ఈ అయిదుగురి లెక్కన ఆ కుర్చీ ఎక్కకముందే ఇంటికి పోతాడు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. సివిల్స్ పరీక్షకు జనరల్ అభ్యర్థులకు వయసు 32 ఏళ్ల దాకా, ఎస్సీ ఎస్టీలకు 37 ఏళ్ల దాకా. ఈ 5 ఏళ్ల సడలింపు ఊరికే వచ్చింది కాదు. మన పిల్లలు చదువులో ఆలస్యంగా గట్టెక్కుతారని తెలిసే పెట్టారు. పదో తరగతి అయ్యాక ఒక ఏడాది కూలికి పోయినవాళ్లు, ఇంటర్ తప్పి మళ్లీ కట్టినవాళ్లు, తమ్ముడి చదువు కోసం తన చదువు ఆపుకున్నవాళ్లు మనలో ఎంతమంది! మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాణ్ణి నేను. ఆ డిగ్రీ చేతికొచ్చేసరికి నాకు 24 ఏళ్లు. డాక్టర్ కొడుకో, ప్రొఫెసర్ కూతురో ఆ వయసుకు ముస్సోరీలో శిక్షణలో ఉంటారు.

34వ ఏట చేరినవాడికి 26 ఏళ్ల సర్వీసు. 37వ ఏట చేరినవాడికి 23 ఏళ్లు. సడలింపు వాణ్ణి గేటు లోపలికి రానిచ్చింది. కానీ లోపలున్న మెట్లు సర్వీసు ఏళ్ల లెక్కమీద కట్టినవి. అక్కడ సడలింపు లేదు. చాలామంది జాయింట్ సెక్రటరీ దగ్గరో, ఆ పై మెట్టు దగ్గరో ఆగిపోతారు. మనవాళ్లందరూ ఆలస్యంగానే చేరతారని నేననడం లేదు. చిన్న వయసులో చేరినవాళ్లూ ఉన్నారు. అయితే వాళ్లకు ఇంకో జల్లెడ ఉంది. కేంద్రంలో పై పోస్టులకు 'ఎంప్యానెల్‌మెంట్' అనే జాబితాలోకి ఎక్కాలి. దానికోసం పదేళ్ల కిందట 'అన్ని వైపుల నుంచి అభిప్రాయం' సేకరించే పద్ధతి తెచ్చారు. అధికారి గురించి పైవాళ్లను, కిందివాళ్లను, తోటివాళ్లను అడిగి అభిప్రాయం రాస్తారు. ఎవరేం చెప్పారో ఆ అధికారికి తెలియదు. ఇది పారదర్శకంగా లేదని 2017లో పార్లమెంటరీ స్థాయీ సంఘమే తప్పుపట్టింది. నలుగురి మాటమీద మనిషి విలువ కట్టే చోట కులం నోరు మూసుకుని కూర్చుంటుందా?

ఫలితం ఏమిటంటే, 2019లో కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 89 మంది కార్యదర్శుల్లో ఎస్సీ ఒక్కరు, ఎస్టీలు ముగ్గురు, ఓబీసీలు ఎవరూ లేరు. 275 మంది జాయింట్ సెక్రటరీల్లో ఎస్సీలు 13 మంది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో మనం 16.6 శాతం. ఆ కార్యదర్శులు సర్వీసులో చేరిన 1980ల్లో కూడా ఎంపికలో ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంది. గేటు దగ్గర నూటికి పదిహేను మందిగా ఉన్నవాళ్లు పై అంతస్తుకు పోయేసరికి 89 మందిలో ఒక్కరయ్యారు. ఆ ఒక్కరు మాలా, మాదిగా, రెల్లా, చమారా, ఆ లెక్క కూడా లేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ సబబేనని చెప్పిన తర్వాత ఈ ప్రశ్న కూడా వేయాల్సిందే.

రెండో దారి: ప్రోగ్రాం రాసేవాడు

కంప్యూటర్ పని తెలిసినవాడే కంప్యూటర్ శాఖకు పెద్ద కావాలి గదా అని మామూలు మనిషి అనుకుంటాడు. ఆ దారి కూడా ఉంది. 1970ల నడుమ ఎన్. శేషగిరి నాయకత్వంలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ మొదలైంది. అందరూ పిలిచే పేరు నిక్. 1980ల్లో ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలను కలిపే నెట్‌వర్క్ వేసింది ఈ సంస్థే. ఇప్పటికీ కలెక్టరేట్లో ఒక మూల గదిలో నిక్ అధికారి కూర్చుని ఉంటాడు. పింఛన్లు, స్కాలర్‌షిప్పులు, కోర్టు కేసులు, ఇట్లా ఎన్నో వ్యవస్థల వెనక ఈ సంస్థ మనుషులున్నారు.

ఈ దారిలో అడుగుపెట్టే చోట, అంటే శాస్త్రవేత్త-బి పోస్టులో, రిజర్వేషన్ ఉంది. మన ఇంజనీరింగ్, ఎం.సి.ఎ. పిల్లలు అట్లా చేరారు. చేరిన తర్వాత? కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-ఎ లోపల, ఎంపిక పద్ధతిమీద ఇచ్చే పదోన్నతుల్లో రిజర్వేషన్ లేదు. 1995లో 77వ రాజ్యాంగ సవరణ పదోన్నతుల్లో రిజర్వేషన్‌కు వీలు కల్పించినా, ఆ వీలు ఈ మెట్టు దాకా రాలేదు. శాస్త్ర సాంకేతిక సంస్థల్లో పదోన్నతి పద్ధతి కూడా వేరే. ఖాళీ వచ్చినప్పుడు ఇచ్చేది కాదు. ఇన్నేళ్లు పనిచేశాక, రిపోర్టులు చూసి, ఇంటర్వ్యూ చేసి ఇస్తారు. ఖాళీ లేని చోట రోస్టర్ ఎక్కడిది?

దీని వెనక ఒక పాత ఆలోచన ఉంది. 1975 జూన్‌లో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పరిశోధన చేసే, పరిశోధనను నడిపించే శాస్త్ర సాంకేతిక పోస్టులకు, గ్రూప్-ఎ లో అట్టడుగు మెట్టును వదిలి పై మెట్లన్నిటికీ, రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఇవ్వవచ్చునన్నది. అన్ని సాంకేతిక పోస్టులకూ ఇది వర్తించదు. కానీ 'పని చేయడానికి మీరు సరే, నడిపించడానికి మాత్రం ప్రతిభ కావాలి' అన్న తలపు అందులో ఉంది. 1992 నవంబరులో మండల్ కేసు తీర్పు కూడా పరిశోధన, ఉన్నత సాంకేతిక పోస్టుల వంటి కొన్నిటికి రిజర్వేషన్ తగకపోవచ్చునంది. ప్రతిభ అనే మాట కింది మెట్టు మీద కన్నా పై మెట్టు మీదే ఎందుకు గట్టిగా వినబడుతుందో ఆలోచించాలి.

ఈ దారిలో ఇంకో చిక్కు. ప్రోగ్రాం రాసినవాడు నాయకుడు కాడు. పథకం పేరు చెప్పగానే ఐ.ఎ.ఎస్. అధికారి పేరు గుర్తొస్తుంది, అవార్డు ఆయనకే వస్తుంది. రాత్రంతా కూర్చుని తప్పులు దిద్దిన ప్రోగ్రామర్ పేరు ఏ ఫైల్లోనూ ఉండదు. ఆ ప్రోగ్రామర్ కింద డేటా ఎంట్రీ ఆపరేటర్. అతను అవుట్‌సోర్సింగ్. ఆ మెట్టు దగ్గరకొచ్చేసరికి మనవాళ్లు కనబడతారు. ఎందుకంటే అది జీతం తక్కువ, భద్రత లేని మెట్టు.

కింది మెట్టున కూడా బహిరంగంగా పరీక్ష పెట్టి, రోస్టర్ పాటిస్తే ఏమవుతుందో 2019లో చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలకు పరీక్ష పెట్టి రిజర్వేషన్ ప్రకారం లక్షకు పైగా ఉద్యోగాలు నింపారు. అందులో డిజిటల్ అసిస్టెంట్ పోస్టు ఒకటి. మన వాడల పిల్లలు కంప్యూటర్ ముందు పర్మినెంట్ ఉద్యోగిగా కూర్చున్నారు. అర్హత లేనివాళ్లు మనలో ఎప్పుడూ లేరు. తలుపు మూసి ఉండటమే అసలు సంగతి.

మూడో దారి: పక్క ద్వారం

మూడో దారి కంపెనీల నుంచి నేరుగా ప్రభుత్వంలోకి వచ్చేది. దీనికి మొదట్లో చెప్పుకోవాల్సిన పేరు శామ్ పిట్రోడా. ఒడిశాలో విశ్వకర్మ కుటుంబంలో పుట్టి, అమెరికాలో టెలిఫోన్ ఇంజనీరుగా స్థిరపడి, 1984లో ప్రభుత్వ టెలిఫోన్ పరిశోధన సంస్థ సి-డాట్ ఏర్పాటుకు తిరిగి వచ్చారు. వడ్రంగి పని చేసుకున్న వంశం నుంచి ఒక మనిషి ఈ కుర్చీ దాకా రావడం చిన్న విషయం కాదు. కానీ అమెరికా పోయి గెలిచి, ప్రధానమంత్రి నమ్మకం సంపాదించిన తర్వాతే ఈ ద్వారం తెరుచుకుంది. మన వాడల నుంచి ఎంతమంది అట్లా చుట్టు తిరిగి రాగలరు?

పెద్ద ఉదాహరణ నందన్ నీలేకని. ఇన్ఫోసిస్ స్థాపకుల్లో ఒకరు. 2009లో ఆధార్ సంస్థకు కేబినెట్ మంత్రి హోదాతో అధ్యక్షులయ్యారు. 2014లో రాజీనామా చేసి దక్షిణ బెంగుళూరు నుంచి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. 2017లో మళ్లీ ఇన్ఫోసిస్ అధ్యక్షులయ్యారు. ఆ 33 ఏళ్ల మెట్లు ఈ దారిలో లేవు. పరీక్ష లేదు, రోస్టర్ లేదు.

2018 నుంచి ఈ పక్క ద్వారాన్ని పద్ధతిగా పెట్టారు. లేటరల్ ఎంట్రీ అన్నారు. ఆ ఏడాది 10 జాయింట్ సెక్రటరీ పోస్టులకు బయటివాళ్లను పిలిచారు. 2024 ఆగస్టు 17న యు.పి.ఎస్.సి. 45 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. రిజర్వేషన్ మాట లేదు. దేశమంతా గొడవైంది. మూడు రోజులకు, ఆగస్టు 20న, ప్రకటన వెనక్కి తీసుకోమని కేంద్రమంత్రి యు.పి.ఎస్.సి.కి లేఖ రాశారు. ఆ లేఖలోనే ఇంకో సంగతి ఒప్పుకున్నారు. గత ప్రభుత్వాల కాలంలో కార్యదర్శి పోస్టులను, ఆధార్ సంస్థ నాయకత్వాన్ని కూడా రిజర్వేషన్ ప్రక్రియ లేకుండానే బయటివాళ్లకు ఇచ్చారని. అంటే ఏ పార్టీ ప్రభుత్వమైనా ఈ ద్వారం మన వైపు తెరవలేదు.

రిజర్వేషన్ ఎట్లా మాయమవుతుందో విద్యార్థులు అర్థం చేసుకోవాలి. ఒకే ఒక్క పోస్టు ఉన్న చోట రిజర్వేషన్ పెట్టకూడదని 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కొద్ది పోస్టులున్న చోట 13 పాయింట్ల రోస్టర్ ప్రకారం ఎస్సీకి ఏడో పోస్టు, ఎస్టీకి పద్నాలుగో పోస్టు. ఇక 45 పోస్టులనూ ఒక్కో శాఖలో ఒక్కో పోస్టుగా విడదీస్తే? ఏ శాఖకూ ఏడో పోస్టు రాదు. అదే 45నూ ఒక్క గుంపుగా చూస్తే 15 శాతం లెక్కన ఎస్సీలకు ఆరేడు పోస్టులు. పోస్టులు అవే, మనుషులూ అవే. లెక్క కట్టే తీరు ఒక్కటే మారింది. ఆరేడు కాస్తా సున్నా అయింది.

గడి ఎవరు గీస్తారు?

ఎవరు కూర్చుంటే ఏం, పని సక్రమంగా జరిగితే చాలదా అని కొందరు మంచివాళ్లు కూడా అడుగుతారు. వాళ్లకు జవాబు కావాలి.

ఒకప్పుడు ఊళ్లో భూమి ఎవరిదో కరణం కలం చెప్పేది. 1980ల నడుమ ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలను, పటేల్ పట్వారీలను తీసేసినప్పుడు మనవాళ్లు సంతోషించారు. కంప్యూటర్ వచ్చినప్పుడు కూడా ఆశ పడ్డారు. ఆ ఆశ ఉత్తదేం కాదు. కులం సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ తిరిగే తిరుగుడు మీ-సేవ వచ్చాక తగ్గింది. ఉపాధి హామీ కూలి వివరాలు ఆంధ్రప్రదేశ్‌లో అందరూ చూసేలా పెట్టడంవల్ల, వాటిని ఊరి మధ్య చదివి వినిపించే సామాజిక తనిఖీ సాధ్యమైంది. దానికోసం 2009లో ప్రత్యేకంగా సంస్థ కూడా పెట్టారు. యంత్రం మనకు శత్రువు కాదు.

కానీ కరణం పుస్తకంలో గడులున్నట్టే కంప్యూటర్లో కూడా గడులుంటాయి. ఏ గడి ఉండాలో, ఏది తీసేయాలో ఒక మనిషి నిర్ణయిస్తాడు. తెలంగాణలో పహాణీలో 'అనుభవదారు' గడి ఉండేది. పట్టా ఎవరి పేరనున్నా, నేలమీద దున్నుకుంటున్నది ఎవరో అందులో రాసేవాళ్లు. 2017 తర్వాతి రికార్డుల సవరణలో, 2020 అక్టోబరులో వచ్చిన ధరణిలో ఆ గడి తీసేశారు. సాదాబైనామా కాగితం మీద కొనుక్కున్నవాళ్లకు, తరాలుగా దున్నుకుంటూ పట్టా లేనివాళ్లకు ఆ ఒక్క గడే సాక్ష్యం. అది పోతే మనిషి నేలమీద ఉన్నా తెరమీద లేడు. 2025లో ధరణి స్థానంలో భూభారతి తెచ్చారంటే ప్రజలు ఎంత గోస పడితే తెచ్చారో తెలుసుకోవాలి.

ఏ పని ముందు, ఏది వెనక అన్నదీ అంతే. 1998లో మొదట కంప్యూటర్ ఎక్కింది రిజిస్ట్రేషన్ శాఖ. అది భూములు అమ్మేవాళ్లకు, కొనేవాళ్లకు, ఖజానాకు అవసరమైన శాఖ. మనకున్న ఎకరం అరెకరం అసైన్డ్ భూమి. 1977 నాటి చట్టం ప్రకారం అప్పట్లో దాన్ని అమ్మడమే నిషేధం. రిజిస్ట్రేషన్ ఒక్క గంటలో అయితే మాల మాదిగ వాడలకు ఒరిగిందేమిటి? అసైన్డ్ భూములు ఎవరి చేతుల్లోకి జారిపోయాయో చూపే లెక్కను మొదటి పథకంగా ఎవరూ తలపెట్టలేదు. ఆ గదిలో ఆ మాట అనే మనిషి లేడు.

ఆధార్ మొదటి సంఖ్యను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ గ్రామంలో ఒక ఆదివాసీ మహిళకు ఇచ్చారు. ఫొటోలో మొదట మనవాళ్లే ఉన్నారు. వేలిముద్రే ఆధారమని నిర్ణయించిన బల్ల దగ్గర ఉన్నారా? సున్నం కొట్టే చేతికి, నాట్లు వేసే చేతికి, బట్టలుతికే చేతికి గీతలు అరిగిపోతాయని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఆ చేతులున్న ఇంట్లో పుట్టి ఉంటే చాలు. 2018 మార్చిలో ఆధార్ సంస్థ సుప్రీంకోర్టుకు ఇచ్చిన వివరాల్లో ప్రభుత్వ సేవల దగ్గర గుర్తింపు కుదిరింది 88 శాతం సార్లే. నూటికి పన్నెండు సార్లు కుదరలేదన్నమాట. ఆ పన్నెండు బ్యాంకు మేనేజరు వేలికి వచ్చి ఉంటే పద్ధతి ఏనాడో మారేది.

బాబాసాహెబ్ చూపిన తోవ

అంబేద్కర్‌ను మనం రాజ్యాంగం దగ్గరే ఎక్కువగా తలుచుకుంటాం. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యులు. విద్యుత్తు, నీటిపారుదల కూడా ఆయన చేతిలో ఉన్నాయి. కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు, కేంద్ర జలమార్గాల కమిషన్ ఆ కాలంలోనే ఏర్పడ్డాయి. దామోదర్ లోయ పథకానికి పునాది అప్పుడే పడింది. ఆనాటి కొత్త సాంకేతికత కరెంటు, డ్యాములు. దాని పగ్గాలు పట్టుకున్న దళితుడు ఆయన.

అదే కాలంలో ఇంకో రెండు పనులు సాధించారు. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీలకు 8.33 శాతం రిజర్వేషన్. మన విద్యార్థులు సాంకేతిక చదువులకు విదేశాలకు పోవడానికి స్కాలర్‌షిప్పులు. ఈ రెండూ పక్కపక్కనే చేయడంలో అర్థం ఉంది. చదువు ఒక్కటే ఇస్తే మనిషి ఇంకొకడి కింద పనివాడవుతాడు. ఉద్యోగం ఒక్కటే ఇస్తే గుమాస్తా దగ్గర ఆగిపోతాడు. సాంకేతిక చదువు, అధికారంలో చోటు కలిసి ఉండాలని ఆయన చేతలు చెబుతున్నాయి. ఐ.టి. దగ్గరకొచ్చేసరికి మనకు మొదటిది కొంత దొరికింది, రెండోది దొరకలేదు.

ఏం అడగాలి?

ఉపన్యాసాలతో అయ్యే పని కాదు గనుక కొన్ని డిమాండ్లు స్పష్టంగా ముందుపెట్టుకుందాం.

ఒకటి. రాష్ట్ర ఐ.టి. శాఖలు, కేంద్ర ఐ.టి. శాఖ, నిక్, ఆధార్ సంస్థల్లో ఏ మెట్టున ఎంతమంది ఎస్సీ ఎస్టీ బీసీలు, అందులో ఏ కులాలవారు, ఏటా ప్రకటించాలి. ఈలోగా 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలోనే ఉంది. పది రూపాయల దరఖాస్తుతో ప్రతి యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఈ పని మొదలుపెట్టవచ్చు.

రెండు. లేటరల్ ఎంట్రీ పోస్టులను ఎప్పుడు ప్రకటించినా అన్నిటినీ ఒకే గుంపుగా లెక్కించి రిజర్వేషన్ ఇవ్వాలి. ఒక్కో పోస్టుగా విడదీసే లెక్క చెల్లదనాలి.

మూడు. ఆలస్యంగా చేరిన అధికారులకు పై మెట్ల దగ్గర సర్వీసు ఏళ్లలో సడలింపు కావాలి. గేటు దగ్గర ఒప్పుకున్న న్యాయం మెట్ల దగ్గర ఎందుకు ఒప్పుకోరు?

నాలుగు. సాంకేతిక సంస్థల్లో పదోన్నతి ఇంటర్వ్యూ బోర్డుల్లో మన ప్రతినిధి తప్పనిసరిగా ఉండాలి. ఎవరికి ఏ మార్కు ఎందుకిచ్చారో రాతపూర్వకంగా ఉండాలి.

అయిదు. భూమి, రేషన్, కూలి, పింఛన్లకు సంబంధించిన ఏ వ్యవస్థలోనైనా గడి పెట్టే ముందు, తీసే ముందు గ్రామసభలో చదివి వినిపించాలి. ఉపాధి హామీలో తనిఖీ చేయగలిగినప్పుడు ఇక్కడెందుకు చేయలేం?

ఇంజనీరింగ్, ఎం.సి.ఎ. చదివే మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ప్రోగ్రాం నేర్చుకోండి, దాంతో పాటు ఫైలు నడిచే తీరు కూడా నేర్చుకోండి. రోస్టర్ అంటే ఏమిటో, ఎంప్యానెల్‌మెంట్ అంటే ఏమిటో, జి.ఓ. ఎట్లా చదవాలో తెలుసుకోండి. ఉపాధ్యాయులు సివిల్స్‌కు పనికొచ్చే పిల్లల్ని డిగ్రీ అయ్యాక వెతకొద్దు, ఇంటర్లోనే పట్టుకోండి. ఇరవై ఏడుకూ ముప్ఫైకీ తేడా మూడేళ్లే. ఆ మూడేళ్లలో ఒక తరానికి కార్యదర్శి కుర్చీ పోతున్నది. ఆ కుర్చీలో ఎవరూ లేనందుకు మన అమ్మ రేషన్ షాపు దగ్గర మిషను మీద వేలు మళ్లీ మళ్లీ రుద్దుతున్నది.